వరి కలుపైన సంవత్సరం

మొన్న మా ఊళ్ళో పాలకేంద్రం పక్కన షామియానా వేసి, మొక్కజొన్న రైతులకు కలుపు గురించి చెబుతామని మీటింగు పెట్టారు. పెట్టినవాళ్ళు మందుల కంపెనీవాళ్ళు. పిలిచారు, వెళ్ళాను. వెనక కూర్చుంటే నాకు వినపడదని మా అబ్బాయి శ్రీను ముందే చెప్పాడట, ముందు వరసలో కుర్చీ వేశారు. టై కట్టుకున్న కుర్రాడొకడు తెర మీద బొమ్మలు వేసి, "ఇది మన శత్రువండి, ఇదీ మన శత్రువేనండి" అంటూ కర్రతో పొడుచుకుంటూ పోయాడు. మొదటి శత్రువు తుంగ. సరే, ఒప్పుకున్నాను. రెండోది ఊదగడ్డి. అదీ ఒప్పుకున్నాను. మూడోది వచ్చేసరికి నాకు కుర్చీలో కాలు నిలవలేదు. తెర నిండా నిగనిగలాడుతూ గలిజేరు! పప్పులో వేసుకుని తిని ఇంతవాణ్ణయిన ఆకు అది. లేచి నిలబడి, "అది శత్రువు కాదు బాబూ, కూర" అన్నాను. అందరూ నవ్వారు. ఆ కుర్రాడూ నవ్వి, "తాతగారూ, మీ రోజుల్లో మందులు లేవు కదండి, మరి మొక్కజొన్నలో కలుపుకి ఏం చేసేవారండి?" అన్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఇంతలో టీ వచ్చింది. టీ తర్వాత కంపెనీ పేరున్న టోపీలు పంచారు. టోపీలొచ్చాక జవాబు ఎవడికి కావాలి?

నేను బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా బెల్లం పొట్లాల మీదా, ఎరువుల బస్తాల మీదా, పంచాయతీ లైబ్రరీలో అట్టలూడిన పుస్తకాల్లోనూ చదువుకున్నదే. అందుకని నాకు డిగ్రీ లేదు గానీ, కోపం మాత్రం డిగ్రీ ఉన్నవాళ్ళకన్నా నాలుగు పాళ్ళు ఎక్కువే. ఒకడు ప్రశ్న అడిగి, జవాబు వినకుండా టోపీ పెట్టి పంపేస్తే, ఆ జవాబు కడుపులో ఉండి పులుస్తుంది. పులిసింది పులిసినట్టే ఇక్కడ వడ్డిస్తున్నాను. ఇష్టమైనవాళ్ళు తినొచ్చు.

మా ఇల్లు ఆత్రేయపురానికి సైకిలు మీద వెళ్ళి, పూతరేకులు కట్టించుకుని, అవి నలగకుండా వెనక్కి తెచ్చుకోగలిగేంత దూరంలో ఉండేది. ముందు అరుగు, దాని ముందు బాట, బాట అవతల పంటకాలవ. వెనక పెరడు, పెరట్లో గేదెల పాక, పాక వెనక గడ్డిమేటు, అది దాటితే చేను. ఇంటెనక చేను అనేవాళ్ళం దాన్ని. పెరట్లో ఒక మూల దాలి ఉండేది. అంటే పిడకల నిప్పున్న గుంట. దాని మీద కుండలో పాలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా సన్నగా కాగుతూనే ఉండేవి. ఆ పాలమీద మీగడ లేత ఇటిక రంగులో మందంగా కట్టేది. ఆ పిడకల పొగా, పాకలో కుడితీ, వంటింటి మూల తరవాణి కుండ పుల్లదనమూ, నాన్న చుట్టకంపూ, ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. కళ్ళకు గంతలు కట్టి ఎక్కణ్ణుంచి తెచ్చి దింపినా ముక్కు పట్టుకుపోయి గుమ్మంలో నిలబెట్టేది. పొద్దున్నే తరవాణిలో నానిన చద్దన్నంలో ఉల్లిపాయ కొరుక్కుని తినేవాళ్ళం. ఇప్పుడు దాన్నే పెద్ద పెద్ద ఊళ్ళలో ఆరోగ్యమని గ్లాసుల్లో పోసి అమ్ముతున్నారట. అమ్మండి, నాకేం.

పాలకీ పెరుగుకీ గేదెకీ మా నాయనమ్మ అధికారి. చేలోంచి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చేతుల వంక చూసేది. ఖాళీ చేతులతో వస్తే, "చేలోంచి వస్తున్నావా, సినిమా చూసి వస్తున్నావా?" అనేది. గట్టు మీద గడ్డిపరక ఉండగా ఖాళీగా ఇంటికి రావడం ఆవిడ శాస్త్రంలో నేరం. కలుపుకి వెళ్ళిన ఆడవాళ్ళు సాయంత్రం మా పెరట్లోంచే పోవాలి. ఒళ్ళో కట్టుకొచ్చిన ఆకుల్ని ఆవిడ ముందు విప్పాలి. ఇది గేదెకి, ఇది పప్పులోకి, ఇది పులుసులోకి అని వేరు చేసి, వాళ్ళ వాటా వాళ్ళకిచ్చి పంపేది.

నాన్న వరి మనిషి. ఆ మాటకు అర్థం ఇప్పటివాళ్ళకి చెప్పాలంటే కష్టం. కొబ్బరీ, అరటీ, మినుములూ అన్నీ ఉండేవి మాకు, కానీ ఆయన దృష్టిలో పంట అంటే ఒక్క వరే. తక్కినవి ఏవో కాస్తున్నాయి, కాయనీ. దారిలో వరికంకి పడుంటే దాటేవాడు కాదు. వంగి తీసి, కళ్ళకద్దుకుని, చెవి మీద చుట్ట పెట్టుకున్నట్టు పెట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. కలుపు గురించి ఆయనకు తెలిసిన శాస్త్రం ఒకటే: మడి నిండా నీళ్ళు నిలబెట్టు, సగం కలుపు అదే చస్తుంది, మిగిలిన సగం ఆడవాళ్ళు తీస్తారు. తాత ముత్తాతల నుంచీ నీళ్ళల్లో నిలబడి వ్యవసాయం చేసిన వంశం మాది. పొడినేల మీద మొక్క ఎలా బతుకుతుందో మావాళ్ళు ఊహించను కూడా లేదు.

అలాంటి ఇంటికి మా అన్నయ్య పెళ్ళాంగా తుని అవతల మెట్ట ఊరునుంచి వరలక్ష్మి వదిన వచ్చింది. మనం ఏంటి అంటే ఆవిడ ఏటి అనేది. అన్న ప్రతిసారీ నేనూ నాయనమ్మా నవ్వేవాళ్ళం, ఆవిడ ఏమీ అనుకునేది కాదు. "మీరు ఏంటి అంటే నాకూ నవ్వొస్తది, మర్యాదకి ఊరుకుంటన్నాను" అనేది. పుట్టింట్లో నాన్న వెనక చేలమ్మట తిరిగిన మనిషి. మా ఇళ్ళల్లోనేమో కోడలు పెరటి దడి దాటి చేలోకి వెళ్ళడం లేదు, మావగారి ఎదుటపడి మాట్లాడడం అంతకన్నా లేదు. నాన్న ఏదైనా చెప్పాలంటే, ఆవిడ వినేటట్టుగా నాకు చెప్పేవాడు. "మీ వదినకి చెప్పు, మజ్జిగలో ఉప్పెక్కువైందని." నేను చెప్పాలి. అన్నయ్య రైసుమిల్లులో గుమాస్తా. ఇంట్లో గొడవ వచ్చినప్పుడల్లా అతనికి మిల్లులో పని పడేది.

ఒకనాడు పాక దగ్గర వదిన నాతో అంది, "అబ్బాయ్, మీ ఇంట్లో నాకు తిండికి లోటు లేదు, మాటకి లోటు లేదు. చేను చూడకుండా ఉండడమే నావల్ల కావట్లేదు. పొద్దున్న లేస్తే గిన్నెలు, పొద్దుగూకితే గిన్నెలు. ఎన్నాళ్ళిలాగ?"

ఆ సంవత్సరం తొలిపంట సార్వా కోతలు అవుతుండగా దండోరా వేశారు. కాలవల మరమ్మతులట, దాళ్వాకి నీళ్ళివ్వరట. రెండో పంట వరికి నీళ్ళు లేవంటే మా ఊళ్ళో ఇంటికొక చావు వచ్చినట్టే. మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న ముద్ద కలుపుతూ, "మినుములు చల్లుకుందామన్నా అదను దాటిపోయింది. చేను బీడే" అన్నాడు.

వంటింటి తలుపు వెనకనుంచి మాట వచ్చింది. "మొక్కజొన్న వేద్దామండి, మావయ్యగారండి."

మజ్జిగ గిన్నె పట్టుకుని అమ్మ ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నాయనమ్మ చెవి ఒగ్గింది. "ఎవరే మాట్లాడింది?"

"నేనేనండి, మామ్మగారండి."

నాన్న నా వంక తిరిగాడు. "మీ వదినకి చెప్పు. మొక్కజొన్న అనేది సినిమా హాలు దగ్గర కాల్పించుకుని తినేది. చేలో వేసే పంట కాదని చెప్పు."

"వదినా..." అన్నాను, నోట్లో ముద్దతో.

"విన్నానులే. మావయ్యగారికి చెప్పు, మా ఊళ్ళో దాన్ని చేలోనే వేస్తారని. సినిమా హాలు మాకు ఇంకా రాలేదని."

అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్నయ్య విస్తట్లో అసలు లేని కరివేపాకు ఏరుతున్నాడు.

"అది మెట్ట. ఇది డెల్టా" అన్నాడు నాన్న, గోడకేసి చూస్తూ.

"మొక్కకేం తెలుసండి, ఇది మెట్టో డెల్టానో!"

నాన్న చెయ్యి కడుక్కున్నాడు. చుట్ట వెలిగించుకున్నాడు. అరుగు మీదికి వెళ్ళినవాడు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడి నాతో అన్నాడు. "ఇంటెనక చేను ఇస్తున్నానని చెప్పు. పండితే పండింది. పండకపోతే మాత్రం, ఇక ఈ ఇంట్లో ఆడవాళ్ళు పొలం మాట ఎత్తకూడదు, దడి దాటకూడదు. అది కూడా చెప్పు."

తలుపు వెనకనుంచి "సరేనండి" అని వినపడింది. నేను సగం తిని లేచిపోయాను. ఆవిడకి మాత్రం ఆ పూట బాగా ఆకలేసిందని తర్వాత అమ్మ చెప్పింది.

కోసిన మడిలో తడి ఆరకముందే, వరి మోళ్ళ మధ్యన సాలుగా కర్రతో గుంటలు పొడిచి గింజలు వేశారు. విత్తనాలు వదిన వాళ్ళ నాన్నే పంపించాడు. మంచుకే మొలకెత్తాయి. తెల్లవారి పొగమంచు విడిచేసరికి, చిలకముక్కుల్లాగ ఆకులు విప్పుకుని సాళ్ళు సాళ్ళుగా నిలబడేవి. పెరటి దడి మీదనుంచి వదిన రోజూ మెడ సాచి చూసుకునేది. అంతా బాగానే ఉంది, కానీ మొక్కజొన్నతో పాటు ఇంకొకటి కూడా మొలిచింది. కోతలప్పుడు రాలిన వడ్లు మొలిచాయి, మోళ్ళు చిగిర్చాయి. మొక్కజొన్న సాళ్ళ మధ్య పచ్చగా, ఒత్తుగా, నారుమడి పోసినట్టుగా వరి.

నాన్న ఆనందం చెప్పలేం. దున్నలేదు, నారు పొయ్యలేదు, నాటలేదు, అయినా వరి! అరుగు మీద కూర్చున్నవాళ్ళందరికీ చెప్పాడు. "నీళ్ళివ్వమన్నారు కదా, చూడండి, భూమి తనంతట తనే ఇస్తోంది!"

వదిన నన్ను పిలిచింది. "అబ్బాయ్, మావయ్యగారికి చెప్పు. ఆ వరి ఇప్పుడే పీకించెయ్యాలి. మొక్కజొన్న పసిపిల్ల. మొదటి నెల దాని పక్కన ఎవ్వర్నీ కూర్చోనివ్వకూడదు. మోకాలెత్తు వచ్చాక ఎవరొచ్చినా తొక్కేస్తది. ఇప్పుడు మాత్రం పక్కనోడు తినేస్తే, రేపు కండె కట్టేటప్పుడు గింజ ఉండదు."

నేను వెళ్ళి చెప్పాను. నాన్న చుట్ట నోట్లోంచి తీసేశాడు. "ఏంటీ? వరిని పీకాలా? వరిని కలుపంటుందా? అన్నం తినే నోటితోనే అంటుందా ఆ మాట?"

ఈసారి ఆవిడ నా కోసం ఆగలేదు. "మొక్కజొన్న చేలో వరి కలుపేనండి, మావయ్యగారండి. అన్నం పెట్టే తల్లే గానీ, పరాయింట్లో ఉంది."

"పరాయిల్లా! ఈ నేల ఎవరిదో మీ వదినకి చెప్పరా! వరి పుట్టిల్లు ఇది. వచ్చింది మొక్కజొన్న!"

అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు రోజులు ఎండ కాసేసరికి ఆ వరి వడిలిందని నాన్నకి దిగులు పట్టింది. మురుగుకాలవ మీద ఆయిలింజను పెట్టించి, చేను నిండా నీళ్ళు నిలబెట్టాడు. పైగా తిరుగులేని న్యాయం చేసినట్టు, "ఊదా తుంగా కూడా ఇంక లేవవు. మీ వదినకి కలుపు పోవాలి కదా, పోయింది" అన్నాడు. వరి లేచి కూర్చుంది. ఊదగడ్డి దానికి చెల్లెల్లా లేచింది. మొక్కజొన్న వేళ్ళు ఊపిరాడక, ఆకుల చివళ్ళనుంచి పసుపెక్కుతూ వచ్చింది. నాయనమ్మ దడి దగ్గరకొచ్చి చూసి, "ఏమే, నీ చేనుకి నలుగు పెట్టినట్టున్నారే!" అంది. వదిన నవ్వలేదు. ఆ పూట రోట్లో పచ్చడి రుబ్బిన చప్పుడుకి గేదె తాడు తెంపుకోబోయింది.

అయితే చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు ఆవిడ. గడ్డిమేటు వెనకున్న సాళ్ళు నాన్న రోజూ నిలబడే గట్టు మీదనుంచి కనపడవు. గేదెకి పచ్చగడ్డి కావాలని నాయనమ్మ నన్ను పంపేది. నేను వెళ్ళి ఆ సాళ్ళల్లో వరీ ఊదా మోపులకొద్దీ లాగేసి తెచ్చేవాణ్ణి. నీళ్ళు మళ్ళకుండా ఆ మూలకి అడ్డంగా చిన్న గట్టు కూడా వేశాను. వెయ్యమన్నదెవరో చెప్పనక్కర్లేదు. మోపు విప్పి చూసిన నాయనమ్మ వరి ఆకు గుర్తుపట్టలేదనుకున్నాను. గుర్తుపట్టింది. ఒక పరక వేలికి చుట్టుకుని, నా వంకా వదిన వంకా చూసి, "గేదె తింటే పాపం లేదు. గేదె లక్ష్మే, వరీ లక్ష్మే. వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు" అంది. దానితో మా పనికి శాస్త్రం కూడా కుదిరింది.

ఆ సమయంలో దిగాడు వదిన వాళ్ళ నాన్న. మా వియ్యంకుడు పొడుగ్గా, ఎండి, చింతబరికెలా ఉండేవాడు. మాట మాత్రం మహా మెత్తన. తుని తమలపాకుల కట్ట తెచ్చి నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఆయన గుమ్మంలో కాళ్ళు కడుక్కోకముందే నాన్నకి చెమట పట్టింది. కూతురు అడిగి వేయించుకున్న చేను, విత్తనాలు పంపినవాడు ఈయన. చూస్తానంటాడు. చూస్తే ఏం చెప్పాలి?

కాఫీ అయ్యీ అవగానే ఆయన లేచాడు. "బావగారూ, మా పిల్ల చేను చూద్దామా అండి?"

నాన్న ముందు, ఆయన వెనక, నేను ఆఖర్న. వదిన దడి దగ్గర నిలబడిపోయింది. గట్టెక్కి నిలబడ్డాం. నాన్న గొంతు సవరించుకుని, "మా డెల్టాలో ఇదొక పద్ధతండి బావగారూ. రెండూ కలిపి పెంచుతాం" అన్నాడు. అలాంటి పద్ధతి భూమ్మీద లేదని నాకూ తెలుసు.

వియ్యంకుడు తువ్వాలు భుజం మీద సర్దుకుని, ఆ చివరనుంచి ఈ చివరదాకా తీరిగ్గా చూశాడు. ఎంతో మెచ్చుకోలుగా తల ఊపాడు. "అబ్బబ్బ! వరి ఎంత బాగా కట్టిందండి బావగారూ! పట్టుచీర పరిచినట్టుంది. చెయ్యి తిరిగిన రైతు చెయ్యి. అంతా బాగుంది గానీ..." అని ఆగి, వేలు పెట్టి చూపిస్తూ, "మధ్యమధ్యలో ఈ మొక్కజొన్న కలుపు ఏటండి? తీయించలేకపోయారా?" అన్నాడు.

నాన్న మొహం ఎర్రబడింది. చుట్టపొగ ఎటు పోవాలో తెలియక దగ్గొచ్చింది. దగ్గులోంచి ఇంకేదో చప్పుడు వచ్చింది. కోపమనుకుని నేను ఒకడుగు వెనక్కి వేశాను. తీరా చూస్తే నవ్వు. నవ్వీ నవ్వీ గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. వియ్యంకుడు కూడా పక్కన కూర్చున్నాడు.

"పీకలేకపోయానండి బావగారూ" అన్నాడు నాన్న, నవ్వు ఆపుకుని. "చెయ్యి రాలేదండి. వరండి అది."

"తెలుసండి. మా చేలల్లో మేం రాళ్ళేరతాం. దేవుడూ రాయేనండి మరి. దండం పెట్టుకుంటాం, ఏరుకుంటాం."

మర్నాడు పొద్దున్న, వియ్యంకుడు ఇంకా మంచం మీద ఉండగానే, నాన్న చేలో ఉన్నాడు. గట్టుకి గండి కొట్టి నీళ్ళు దింపేశాడు. కలుపు ఆడవాళ్ళని పిలవలేదు. పాపమేదైనా ఉంటే తనకే రావాలనుకున్నాడేమో, పిడికెడు పిడికెడు తనే పీకి, ప్రతి పిడికెడూ కళ్ళకద్దుకుని, గట్టు మీదికి వేస్తున్నాడు. నేను మోపులు కట్టి పాకలోకి చేరుస్తున్నాను. అలా ఒక సాలు అయ్యేసరికి దడి తలుపు కిర్రుమంది. వదిన కొంగు నడుముకి దోపుకుని, చేతిలో తొలికతో, అంటే కలుపు తవ్వే చిన్న పారతో, చేలోకి దిగింది. గట్ల మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. నాన్న తలెత్తి చూశాడు. ఇప్పుడేమవుతుందోనని నేను కడుతున్న మోపు వదిలేశాను. ఆయన ఒక మొక్క పట్టుకుని పైకెత్తి, నాతో కాదు, ఆవిడతోనే, "ఈ గలిజేరు కూడా తీసెయ్యాలా అమ్మా?" అన్నాడు.

"తీసెయ్యాలండి. పప్పులోకి ఉంచండి."

ఆ పాడు సంవత్సరమే మా ఇంట్లో అందరం ఒళ్ళు చేశాం. గలిజేరు పప్పు, పాయలాకు పులుసు, చేలో దానంతటదే మొలిచిన తోటకూర వేపుడు. తుంగగడ్డలు తవ్విన చోట మట్టి అంతా మంచి వాసనేసేది. నాయనమ్మ వాటిని ఎండబెట్టి సున్నిపిండిలో కలిపింది. నేల పదునుకి రాగానే వదిన తొలికతో పైపైన గీరి తుంగని ఎలా లేపాలో చూపించింది. తడిమీద తవ్వితే మా నల్లమట్టి తొలికకి అంటుకుని కుండలు చేసుకోవచ్చన్నట్టు ఉండేది. ఆరిపోయాక తవ్వితే రాయి. ఈ మట్టితో ఎలా వేగాలో ఆవిడకీ కొత్తే, మెట్టలో ఎర్రనేల మాట వింటుంది. అక్కడ నాన్న మాట నెగ్గింది. మట్టి పిడికిట పట్టి, నలిపి, "ఇవాళ కాదమ్మా, రేపు సాయంత్రం" అనేవాడు. రేపు సాయంత్రమే సరిగ్గా ఉండేది. మొక్క మోకాలెత్తు వచ్చాక మొదళ్ళకి మట్టి ఎగదోశాం. ఆ ఆకుల అంచులు చేతులు కోసేసి, సాయంత్రం స్నానంలో నీళ్ళు తగిలితే భగ్గుమనేది. పసుపెక్కిన చేను నల్లబడే పచ్చదనానికి తిరిగింది. పూత వచ్చిన రోజుల్లో ఇంటెనక తలుపు తీస్తే పచ్చి పిండి లాంటి తియ్యటి వాసన దాలి పొగని కూడా తోసుకుని లోపలికి వచ్చేది.

కండెలు విరిచిన రోజున అరుగు మీద కుప్ప పోశాం. నాన్న ఒక్కొక్కటీ పొట్టు వలిచి చూస్తున్నాడు. చాలా కండెలకి కింద సగం గింజ బాగుంది, కొస మాత్రం పళ్ళూడిన నోరులాగ బోసి. గడ్డిమేటు వెనక సాళ్ళవి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. ఆ కొసనుంచి ఈ కొసదాకా, సూది దూర్చే సందు లేకుండా, ముత్యాలు గుచ్చినట్టు గింజ.

"ఈ సాళ్ళల్లో వరి ముందే పీకింది ఎవరు?"

నేను కాలవలో బాతుల్ని చూస్తున్నాను. వదిన గుమ్మం కడిగిందే మళ్ళీ కడుగుతోంది.

"గేదెనడుగు" అంది నాయనమ్మ, తమలపాకుకి సున్నం రాసుకుంటూ.

నాన్న గేదెని అడగలేదు. కండెల్ని రెండు కుప్పలుగా విడగొట్టాడు. బోసి కండెల కుప్ప చూపించి, "ఇది నా వ్యవసాయం" అన్నాడు. రెండోది చూపించి, "ఇది కోడలి వ్యవసాయం. ఎవరు దడి దాటాలో, ఎవరు అరుగు మీద కూర్చోవాలో వీటినే తేల్చమనండి" అన్నాడు. తర్వాతి సంవత్సరం కాలవ నీళ్ళు మామూలుగానే వచ్చాయి. దాళ్వాకి వరే వేశాం. కానీ ఊడ్పుల రోజున నారు కట్టలు మడిలోకి విసిరించింది వదిన. ఆ తర్వాత అన్నయ్య మిల్లు గుమాస్తాగానే రిటైరయ్యాడు. మా పొలం మాత్రం ఆవిడ చూసింది.

ఆ కుర్రాడి ప్రశ్నకి నా జవాబు ఇదీ. ఇప్పుడు మా అబ్బాయి శ్రీను అదే చేలో దాళ్వాకి మొక్కజొన్న వేస్తున్నాడు. గింజ మిషనుతో పెడతారు, సాలు తాడు లాగినట్టుంటుంది. కలుపుకి మనిషి దొరకడు. దొరికినవాళ్ళు రొయ్యల చెరువుల మీదికి పోతున్నారు, ఎందుకు పోకూడదు? నడుం వంచే పని ఎవరికి ముద్దు? అదంతా నాకు తెలుసు. తెలిసినా, మందు డబ్బా మీద చీమతలకాయంత అక్షరాలు భూతద్దం పెట్టి చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఆ చేలోంచి ఇప్పుడు ఒక్క ఆకు వంటింట్లోకి రాదు. తినేవన్నీ చంపేసి, తోటకూర బజార్లో కొంటున్నాం. అందుకే మీటింగునుంచి వచ్చి, టోపీ గూట్లో పడేసి, మన చేలో మందు కొట్టడానికి వీల్లేదని శ్రీనుతో ఖండితంగా చెప్పాను. వాడు ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం వాడికి మా అన్నయ్య పోలిక.

కోపం చల్లారక వదినకి ఫోను చేశాను. ఆవిడ ఇప్పుడు రాజమండ్రిలో కూతురింట్లో ఉంటోంది. నడుం పట్టేసి కూర్చుంటే లేవలేదు, గొంతు మాత్రం అప్పటిదే. గలిజేరుని శత్రువన్నారని మొదలుపెట్టి అంతా చెప్పాను. నాతో పాటు మండిపడుతుందనుకున్నాను.

"మరి మందేస్తే తప్పేటయ్యా?" అంది.

"అదేంటి వదినా! నువ్వేనా ఈ మాట అనేది?"

"నేనే. నా నడుం ఎక్కడ పోయిందనుకుంటన్నావు, మీ చేలోనే. అప్పుడు ఆ డబ్బా ఉంటే, మీ నాన్న వరి పీకడానికి బెంగపడే లోపు నేనే కొట్టించి పారేద్దును. గలిజేరు కావాలంటే గట్టు వారన రెండు సాళ్ళు వదిలించుకో, నువ్వే వంగి కోసుకో. వంగగలవా?"

"వంగుతాను."

"చూద్దాం. ఇంతకీ మొక్క ఎన్నాకుల మీదుంది? ఊద ఎంతెత్తుంది?"

తెర మీద చూసిన ఊద ఎంతుందో చెప్పబోయాను.

"చేలోకి దిగి చూశావా, చూడలేదా?"

"షామియానాలోంచి తిన్నగా ఇంటికే..."

"ముందు దిగి చూడు. చూసి, అప్పుడు కోప్పడవోయ్" అని పెట్టేసింది.

చెప్పులు వేసుకుని వెళ్ళాను. మొక్కజొన్న నాలుగాకుల మీద ఉంది. దాని నడుం దాకా ఊద అప్పుడే అల్లుకుపోయింది. దిగి పీకబోయాను. ఒక గజం నేల శుభ్రం చేసేసరికి కళ్ళముందు చుక్కలు కనపడ్డాయి. మోకాలు పట్టుకుని లేచి నిలబడేసరికి శ్రీను వెనకే ఉన్నాడు.

"కొట్టించెయ్యరా" అన్నాను. "ఆ వారన రెండు సాళ్ళు మాత్రం వదిలెయ్యి."

"అలాగేనండి నాన్నగారూ. మీరు వద్దంటారని తెలిసి పెద్దమ్మకి నిన్ననే ఫోన్ చేశాను. కొట్టమన్నారు. రెండు సాళ్ళు వదలమన్నారు. కాకపోతే, మీ నాన్న దిగి చూసేదాకా మాత్రం ఆగరా అన్నారు."

అప్పుడు చూశాను. గట్టు మీద, అరటి నీడలో, మందు కొట్టే ట్యాంకు నీళ్ళు నింపి సిద్ధంగా ఉంది.